మహారాజశ్రీ ఎనిమిది-నాలుగు ప్లైవుడ్ షీటు గారికి

అయ్యా,

తమ మీద బొమ్మ రైల్వే స్టేషను కట్టాలని నిన్నటి ఆదివారం మధ్యాహ్నమంతా తమకే నైవేద్యమైంది. కాగితం మీద అన్నీ కుదిరాయి: 1960ల చివరి రేణిగుంట, హెచ్‌ఓ స్కేలు (అంటే అసలులో 87వ వంతు), బ్రాడ్‌గేజ్ మీద డబ్ల్యూపీ ఆవిరి ఇంజనూ డబ్ల్యూడీఎం-2 డీజిలూ, పక్కన గూడూరు పోయే సన్నపాటి మీటర్‌గేజ్ లైను.

తమరి వెడల్పు 48 అంగుళాలు. అంచున రెండేసి వదిలి చుట్టూ రెండు లైన్లు వేస్తే బయటి లైను వంపుకు 22 అంగుళాల వ్యాసార్ధం, లోపలిదానికి 20. ఐసీఎఫ్ (పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె 87వ వంతులో 24.5 సెంటీమీటర్లు. పెట్టె పొడవుకు రెండున్నర రెట్లు వ్యాసార్ధముంటే బండి పట్టా మీద నిలుస్తుంది, మూడు రెట్లుంటే ఇంకా నిలకడగా పోతుంది. అంటే 24, 29 అంగుళాలు. తమరి దయ 20! బయటి పెట్టె నడుమూ లోపలి పెట్టె మూలా రాసుకుంటాయి. కప్లింగ్ పక్కకు లాగి చక్రం పట్టా ఎక్కుతుంది. డబ్ల్యూపీ ముందు బోగీ (ఇంజను కింద తిరిగే చక్రాల చట్రం) సిలిండర్‌కు తగిలి పట్టా దిగుతుంది. డీజిల్ మాత్రం రెండు బోగీలూ తిప్పుకుంటూ దర్జాగా పోతుంది.

మీటర్‌గేజ్‌కు వంతెన అడిగితే అదీ లేదు. కింద బండి దూరడానికి 3 అంగుళాలు లేవాలి. నూటికి రెండు వాలుతో ఎక్కడానికి 150, దిగడానికి 150 అంగుళాలు. తమ మీద ఒక చుట్టు మొత్తం 234.

నవంబరు వానకు ఉబ్బుతారు, మే ఎండకు కుంచించుకుంటారు. వానల్లో సందు లేకుండా పరిచిన పట్టాలు ఎండాకాలానికి మెలికలు. అడుగున కూడా వార్నిష్ పూయాలి తమకు, పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు. గోడకు ఆనిస్తే వెనక మూల పడ్డ బండికి చెయ్యి అందదు.

ఏం సామీ, ఇంజను తిప్పే టర్న్‌టేబుల్, బొగ్గు నింపే కోల్ స్టేజ్, బూడిద దులిపే యాష్ పిట్, నీళ్లు పట్టే వాటర్ కాలమ్ అన్నీ ఆవిరికే కావాలని తెలిసీ చోటివ్వవే? రైల్వేవాళ్లు ఆవిరిని సాగనంపడానికి ముప్పై ఏళ్లు తీసుకున్నారు. నువ్వు ఒక్క పూటలో ముగించావు! డీజిల్‌కేం పాపం తెలుసు, ఆవిరిని చంపింది నువ్వు.

అయినా పారెయ్యబుద్ధి కాదు. 12 ఎం.ఎం. మందం, మేకు గట్టిగా పట్టుకుంటావు. పొడుగునా కోస్తే రెండడుగుల పలకలు రెండు. గది మూలన ఎల్ ఆకారంలో పెడితే 30 అంగుళాల వంపు నిక్షేపంగా పడుతుంది, చెయ్యీ అందుతుంది. చుట్టు తిరగడం ఉండదు, ఆ కొస నుంచి ఈ కొసకే.

రేపు పొద్దున టింబర్ డిపోకు పోతున్నాం. రంపం వాళ్లదే.

ఇట్లు,
పట్టా దిగిన డబ్ల్యూపీ తరఫున