లా స్కూల్ క్లాస్ ప్రొఫైల్ గారికి ఒక బహిరంగ లేఖ

క్లాస్ ప్రొఫైల్ గారూ, నమస్కారం అండీ.

కొత్తగా చేరినవాళ్ళ గురించి లా స్కూల్ అంకెలేసి చెప్పుకునే పేజీ కదా మీరు, ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ దిగగానే అమెరికాలో ఏ లా స్కూల్ చూసినా మీదే హడావిడి. ఇన్ని రాష్ట్రాల నుంచి వచ్చారు, ఇన్ని భాషలు మాట్లాడతారు, ఒకరు తేనెటీగలు పెంచారు, ఒకరు బ్యాలే డాన్సర్, ఇంకొకాయన సబ్‌మెరైన్‌లో పనిచేశాడు అని. పెళ్ళి సంబంధానికి పంపే బయోడేటాలో కూడా ఇంత ఏరి ఏరి రాయరండీ. పాపం ఆ సబ్‌మెరైన్ ఆయన ఒక్కడే, కానీ మిలిటరీ లెక్కలో ఆయనే, సైన్స్ చదివినవాళ్ళ లెక్కలో ఆయనే, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళ లెక్కలోనూ ఆయనే. పొలిటికల్ సైన్స్ చదివి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చేసిన పిల్లలు అంతమంది ఉంటే వాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.

సరే, ఇదంతా పైపై అలంకారం, మీ ప్రాణమంతా మీడియన్‌లో, అంటే అందర్నీ స్కోరు వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడి స్కోరులో ఉందని అందరికీ తెలుసు. లా స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష ఎల్‌సాట్ స్కోరు 120 నుంచి 180 దాకా ఉంటుంది కదా, మీకు కావలసిన మీడియన్ 170 అనుకోండి, 170 వచ్చినవాడు దేవుడు, 169 వచ్చినవాడూ 160 వచ్చినవాడూ మీకు ఒకటే, ఇద్దరూ గీత కిందే. అందుకని ఎల్‌సాట్ బాగా వచ్చి జీపీఏ (కాలేజీ మార్కుల సగటు) పోయినవాణ్ణి ఒకణ్ణి, జీపీఏ బాగుండి ఎల్‌సాట్ పోయినవాణ్ణి ఒకణ్ణి పట్టుకొస్తే రెండు మీడియన్లూ నిలబడతాయి, వీళ్ళకి స్ప్లిటర్, రివర్స్ స్ప్లిటర్ అని పేర్లు కూడా ఉన్నాయి. రెండింట్లోనూ వెంట్రుకవాసిలో తప్పినవాడు మాత్రం ఎందుకూ పనికిరాడు. ఇక రెండో ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్ళ స్కోర్లు మీ లెక్కలోకి రావు, వాళ్ళు కట్టే ఫీజు మాత్రం వస్తుంది, అబ్బ ఏం తెలివి!

ఈ మీడియన్ పిచ్చి ఎంత దూరం పోయిందంటే ఇల్లినాయ్ యూనివర్సిటీ లా స్కూల్, విలనోవా లా స్కూల్ ఏకంగా తప్పుడు నంబర్లే ఇచ్చాయని 2011లో బయటపడింది, ఇల్లినాయ్‌కి లా స్కూళ్ళకి గుర్తింపు ఇచ్చే లాయర్ల సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్ 2,50,000 డాలర్ల జరిమానా కూడా వేసింది.

'సగానికి పైగా ఆడవాళ్ళే' అని పెద్దక్షరాల్లో వేస్తారు చూడండి, 2016 నుంచి దేశం మొత్తం మీద అంతే, ఇందులో మీ గొప్పేముంది? తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 1956లో హార్వర్డ్ లాలో చేరినప్పుడు సుమారు 500 మంది క్లాసులో ఆడవాళ్ళు 9 మంది, డీన్ గారు వాళ్ళని డిన్నర్‌కి పిలిచి మరీ మగవాడికి రావలసిన సీటు మీరెందుకు తీసుకున్నారని అడిగారు. అప్పుడు మీరు ఉండి ఉంటే '9 మంది మహిళలు!' అని కూడా సంబరంగా వేసేవారే.

2023లో అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతి చూడకూడదని తేల్చాక ఇంకో సంగతి తెలిసింది, అంకె పెరిగితేనే మీకు నోరు లేస్తుంది. హార్వర్డ్ లాలో 2024లో చేరిన బ్లాక్ విద్యార్థులు 19 మందే అన్న సంగతి బార్ అసోసియేషన్ లెక్కలు వచ్చాక గానీ జనానికి తెలీలేదు. ఏటా డిసెంబర్ 15కల్లా బార్ అసోసియేషన్ వాళ్ళ '509' అనే రూల్ కింద ఆ లెక్కలు ఇచ్చి తీరాలి కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ నోట వినేవాళ్ళమా?

ఇక డబ్బు. హార్వర్డ్, యేల్, స్టాన్‌ఫర్డ్ లాంటివి పక్కన పెడితే చాలాచోట్ల స్కాలర్‌షిప్ అవసరం చూసి కాదు, స్కోరు చూసి ఇస్తారు. అంటే గీత కింద ఉన్నవాడు అప్పు తెచ్చి పూర్తి ఫీజు కడుతుంటే గీత పైనున్నవాడు డిస్కౌంట్‌లో చదువుకుంటాడు, కోచింగ్‌కి పెట్టుకోగలిగిన ఇంటి పిల్లాడైతే మరీ మంచిది. ఈ ముచ్చట మీ రంగుల బొమ్మల్లో ఎక్కడా కనపడదేం?

కాబట్టి చిన్న మనవి. వచ్చే ఏడాది ఆ తేనెటీగల లైను పీకేసి అక్కడ రెండే అంకెలు వేయండి, అమ్మో నాన్నో లాయర్ అయినవాళ్ళు ఎంతమంది, పైసా అప్పు లేకుండా చేరినవాళ్ళు ఎంతమంది. క్లాసులో ఎన్ని భాషలున్నాయో లెక్కపెట్టిన మీకు ఇదో లెక్కా? తల్లిదండ్రుల ఉద్యోగం ఏంటని చాలాచోట్ల అప్లికేషన్‌లోనే అడుగుతున్నారు కదా, కూడటమే మిగిలింది.

ఇట్లు,
మీ మీడియన్‌కి ఒక్క మార్కు కింద ఉన్న ఒకడు