జీరో టికెట్లలో దొరకని ప్రయాణాలు

దక్షిణ తెలంగాణలో రవాణా ప్రణాళిక అనగానే మాట రోడ్డు వెడల్పు దగ్గరే ఆగిపోతుంది. విజయవాడ హైవేకు ఆరు లేన్లు ఎప్పుడు, రీజినల్ రింగ్ రోడ్డు ఎవరి పొలంలోంచి పోతుంది... చర్చంతా ఇదే. 44, 65, శ్రీశైలం వెళ్లే 765, ఈ మూడు హైవేలూ హైదరాబాద్ వైపు చూసేవే. జిల్లాలను అడ్డంగా కలిపే 167 జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడ దాకా ఉంది. దాని మీద గంటకో బస్సు నడపాలన్న మాట మాత్రం ఎవరి నోటా వినపడదు.

రైలు సంగతి చెప్పుకుంటే తరిగేది కాదు. సూర్యాపేట, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలకు రైలే లేదు. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. గద్వాల–మాచర్ల లైను ఎన్నికలప్పుడు గుర్తొస్తుంది. అది వచ్చేదాకా ఆగడం కుదరదు కాబట్టి బస్సు గురించే మాట్లాడుకుందాం.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. సీట్ల కోసం గొడవలు, ఆటోవాళ్ల గిరాకీ పోవడం అందరికీ తెలిసిందే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది జీరో టికెట్, అంటే ఈ ఉచిత ప్రయాణానికి కండక్టర్ ఇచ్చే సున్నా రూపాయల టికెట్. ఏ ఊళ్లో ఎక్కారో, ఎక్కడ దిగుతారో కండక్టర్ మిషన్‌లో కొడతాడు. లక్షలు పోసి సర్వే చేయించినా ఇంత వివరం రాదు. డిపోల వారీగా ఆ లెక్క తీస్తే ఏ రూటులో, ఏ వేళకు బస్సు చాలట్లేదో తెలిసిపోతుంది.

అయితే బస్సే లేని చోట టికెట్టూ ఉండదు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున ఏడింటికి నల్లగొండ పల్లెల్లో ఆటోలు చూడండి. డ్రైవర్‌కు చెరోపక్క ఒకరు, వెనక అడ్డంగా వేసిన చెక్క మీద నలుగురు, ఒళ్లో సద్ది గిన్నెలు. పక్క ఊరి చేనుకు పోవాలంటే వాళ్లకు అదే దిక్కు, లేదంటే ట్రాక్టర్. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో బోల్తాపడి పది మందికి పైగా చనిపోయారు. పరిహారం ప్రకటించారు, ట్రాలీల్లో మనుషులను ఎక్కించొద్దని చెప్పారు. మరి దేంట్లో పోవాలో చెప్పలేదు.

ఎలక్ట్రిక్ బస్సులు రావడం మంచిదే. కానీ కొత్తవన్నీ హైదరాబాద్ రూటుకే వేస్తే పొగ తగ్గేది హైవే మీదే, ఈ ఆటోలు ఇలాగే నడుస్తాయి. ఊళ్లను అడ్డంగా కలిపే రూట్లకు ఆక్యుపెన్సీ ఉండదని ఆర్టీసీ అధికారులు అనొచ్చు. ఏడాది పొడవునా చూస్తే నిజమే కావచ్చు. పత్తి, మిరప ఏరే నెలల్లో పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు చిన్న బస్సు తిప్పితే ఖాళీగా పోతుందా? ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల పత్తి ఉందో ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) సీజన్ సీజన్‌కూ నమోదు చేస్తూనే ఉన్నారు. డిపో మేనేజర్ టైమ్ టేబుల్ వేసేటప్పుడు ఆ పంటల నమోదు కూడా బల్ల మీద ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ ఆర్టీసీ వాళ్లను, వ్యవసాయ శాఖ వాళ్లను ఒక మీటింగ్‌కు పిలిస్తే చాలు.