టీబీ టెస్ట్ వద్దని రాసిచ్చేకన్నా బ్లడ్ టెస్ట్ అడగండి

కాలిఫోర్నియాలో పిల్లల్ని స్కూల్లో వేసే టైంకి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, స్కూల్ అడిగే టీబీ టెస్ట్‌కి ఎగ్జెంప్షన్ (మినహాయింపు) దొరుకుతుందా అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. మాకు తెలిసినవాళ్ల పాపకి ముంజేతి మీద స్కిన్ టెస్ట్ చేస్తే గట్టిగా ఉబ్బింది, పాజిటివ్ అన్నారు, ఆ తల్లి నిద్రాహారాలు మానేసింది, తీరా ఎక్స్‌రే మామూలుగా ఉంది, బ్లడ్ టెస్ట్ నెగటివ్ వచ్చింది. పుట్టినప్పుడు ఇండియాలో వేయించిన బీసీజీ (టీబీ టీకా) వల్ల స్కిన్ టెస్ట్ అలా రావచ్చని డాక్టర్ అప్పుడు చెప్పారట. ఆ ముక్క ముందే చెప్పుండాల్సింది.

స్కిన్ టెస్ట్‌లో ఎక్కించే మందులోని ప్రొటీన్లు బీసీజీలో కూడా ఉంటాయి, అందుకే మన పిల్లల ఒంట్లో గందరగోళం. పైగా 48 నుంచి 72 గంటల్లోపు మళ్లీ వెళ్లి చూపించుకోవాలి, అక్కడ కొలవాల్సింది గట్టిపడ్డ భాగాన్ని, ఎర్రదనాన్ని కాదు. క్వాంటిఫెరాన్, టీ-స్పాట్ లాంటి బ్లడ్ టెస్టులు బీసీజీలో లేని ప్రొటీన్ల మీద పనిచేస్తాయి, ఒక్కసారి రక్తం ఇస్తే చాలు. బీసీజీ వేయించుకున్నవాళ్లకి ఇదే మేలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా అంటుంది. ఇంకోటి, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వేయించే రోజే, లేదా అంతకుముందే, టీబీ టెస్ట్ కూడా చేయించేయాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి, అడ్మిషన్ హడావుడిలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇక ఎగ్జెంప్షన్ సంగతి. టీకా రూల్, టీబీ రూల్ రెండూ వేరు. 2015లో ఎస్‌బీ 277 చట్టం చేసి, 2016 నుంచి టీకాలకి నమ్మకాల పేరుతో ఇచ్చే మినహాయింపు ఎత్తేశారు. టీబీ టెస్ట్ మా నమ్మకాలకి విరుద్ధమని అఫిడవిట్ ఇచ్చే దారి మాత్రం విడిగా ఉంది, కానీ అంటుకునే టీబీ ఉందని గట్టి అనుమానం వస్తే పిల్లని స్కూల్ బయట ఉంచేస్తారు. అయినా మనవాళ్లు బాగా ఉండే శాంటా క్లారా కౌంటీలో 2014 నుంచి అందరికీ టెస్ట్ అనేదే లేదు, మొదట డాక్టర్ టీబీ సోకే రిస్క్ ఉందో లేదో అడిగి రిస్క్ అసెస్‌మెంట్ ఫారం నింపుతారు, రిస్క్ లేకపోతే టెస్టే ఉండదు. మరి అఫిడవిట్ దాకా ఎందుకు?

నాకు అసలు బాధ వేరే. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగోవంతు ఇండియాలోవే, అయినా క్షయ అనగానే మన ఇళ్లల్లో గొంతు తగ్గించేస్తాం. పాజిటివ్ వచ్చి, ఎక్స్‌రే బావుండి, దగ్గూ జ్వరం లాంటివేం లేకపోతే అది ఒంట్లో నిద్రపోతున్న టీబీ, ఎవరికీ అంటదు, పిల్లలు స్కూల్‌కి వెళ్లొచ్చు. రోజూ రిఫాంపిన్ అనే మందు అయితే నాలుగు నెలలు, కొందరికైతే వారానికోసారి చొప్పున 12 డోసులు, అంతే. కానీ చిన్నపిల్లల్లో అది తొందరగా నిద్రలేవగలదు, మెదడు పొరలకి కూడా పాకగలదు, అందుకే తెలియకుండా వదిలేయడం నాకు భరించరాని విషయం.

అక్కడే పుట్టిన పిల్లలైనా సెలవుల్లో గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మమ్మ దగ్గర నెల పైన ఉండొస్తే ఆ ఫారం ప్రకారం అదీ రిస్కే, డాక్టర్ అడిగినప్పుడు అవునని చెప్పి, బ్లడ్ టెస్ట్ రాయమని అడగండి.