ఇల్లరికం అల్లుడు క్వాడ్రాజెట్‌గారికి

మహారాజశ్రీ రోచెస్టర్ క్వాడ్రాజెట్ అల్లుడుగారికి,

ఉభయకుశలోపరి. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ తమరు, 1969 నాటి అమెరికా కారు పాంటియాక్ జీటీవో ఇంటికి, 400 క్యూబిక్ అంగుళాల ఇంజన్ మీదికి ఇల్లరికం వస్తున్నారని విని సంతోషించాం. 1966 దాకా ఈ ఇంట్లో ట్రై-పవర్ పేరుతో మూడు కార్బురేటర్లు, అంటే ముగ్గురు తోడల్లుళ్లు, ఒకే పంక్తిలో కూర్చుని తాగేవారు. కొర్వెట్ వంటి ఒకటి రెండు కార్లకు తప్ప ఇంటికొక అల్లుడే చాలని పాంటియాక్ సొంతదారు జనరల్ మోటార్స్ పెద్దలు తీర్మానించాక, 1967 నుంచి ఆ పీట తమరిది.

పెళ్లిచూపుల్లో తమ గుణగణాలు ఎవరూ అడగలేదు, గోత్రం చూశారంతే. ఒంటికి ఎడమవైపు వెనక నిలువుగా కొట్టిన 7029తో మొదలయ్యే ఏడంకెలే గోత్రం. ఆరో అంకె 6 లేదా 7 అయితే పాంటియాక్ వంశం. చివరి అంకె సాధారణంగా బేసి అయితే మాన్యువల్ గేరు, సరి అయితే ఆటోమేటిక్. పక్కనున్న నాలుగంకెలు జాతకం: 0459 అంటే 1969లో 45వ రోజు, ఫిబ్రవరి 14. కారు తయారైన తేదీ కంటే అది కొన్ని వారాలు ముందుండాలి. వెనకుంటే ఎవరో జాతకం దిద్దించారన్నమాట! ఈ అంకెలకే మార్కెట్లో ధర. మూత ఒకరిది, మధ్యభాగం ఇంకొకరిది, అడుగు మరొకరిది కలిపి బంగారు రంగు పూత పూసినా, నంబరు సరిపోతే చాలు, పాత కార్ల ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు తల ఊపేస్తారు. లోపల పెట్రోలును కొలిచి వదిలే జెట్ మీది అంకె చూసేవాడు లేడు.

తమరి ఆహారపుటలవాటు మాత్రం ముచ్చటే. ముందు రెండు నోళ్లు 1-3/8 అంగుళాలు, వెనక రెండూ 2-1/4. రోజూ ముందు నోళ్లతో పొదుపు, విందుకు మాత్రం వెనకవి. ఇంత తెలివి ఉండి అమెరికా గ్యారేజీల్లో ‘క్వాడ్రాబాగ్’ అని పేరు తెచ్చుకున్నారు, దిగబడిపోయేవాడని. పాపం, నేరం సగం మాదే. వెనక నోళ్లపై ఉండే గాలి తలుపు, అంటే ఎయిర్ వాల్వ్, ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి ముందు, పెట్రోలు తర్వాత వస్తుంది, ఇంజన్ గుటక మింగి నిలబడిపోతుంది. దాని స్ప్రింగును పిన్నుకు తగిలిన చోటు నుంచి అర చుట్టు మొదలు 7/8 చుట్టు దాకా బిగించి చూడాలి. పక్కనున్న చిన్న అలెన్ స్క్రూ వదులు చేయకుండా తిప్పితే మరలే పోతాయి. ఆ వాల్వును ఆపి వదిలే వాక్యూమ్ డబ్బాలో పొర చిరిగితే, స్ప్రింగెంత చుట్టినా ప్రయోజనం లేదు. దాని గొట్టాన్ని నోటితో పీల్చి పట్టుకోండి, కడ్డీ లోపలికి వచ్చి అక్కడే నిలవాలి. ఇదంతా చూడకుండా జనం తమర్ని తీసి పారేస్తారు.

ఇంకో అలవాటు మాత్రం దాచలేం. రాత్రి పడుకున్నాక తాగింది కిందికి కార్చేస్తారు. పొద్దున సెల్ఫ్ ఎంత తిప్పినా గిన్నె ఖాళీ. పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె అడుగున, మెయిన్ బావులనే గుంటలను మూసే బిళ్లలు వదులవడమే కారణం. వాటిని శుభ్రం చేసి పెట్రోలు తట్టుకునే ఎపాక్సీ పూయాలి. అది ఆరాక ఆరుబయట పొడి కాగితం మీద గిన్నెను పెట్టి పెట్రోలు పోసి చూడాలి. మరక పడితే మళ్లీ పూత. గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం కాపాడే ఫ్లోటు నురుగు పదార్థానిదైతే అది పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది, మట్టం తప్పుతుంది, కనుక కొత్తది వేయడమే మేలు. ఈ రోజుల్లో పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు కాబట్టి యాక్సిలరేటర్ పంపు కప్పు అందుకు తట్టుకునేదై ఉండాలి. అడుగున నోళ్ల రేకులను తిప్పే థ్రాటిల్ షాఫ్టు ఊగుతుంటే కంచు బుష్షులు వేయించాలి, లేకపోతే ఐడిల్, అంటే బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ నడక, ఎంత సర్దినా నిలవదు.

పీట మీద కూర్చోబెట్టేటప్పుడు మర్యాద ఎక్కువైనా ముప్పే. ముందరి పొడవాటి రెండు బోల్టులు మూత నుంచి కిందికి దిగుతాయి, బలం చూపిస్తే తమరి మూతే వంగుతుంది. అడుగు గాస్కెట్ వేశాక బోల్టులను ఎదురెదురు మూలల వరసలో, కొద్దికొద్దిగా 12 అడుగు-పౌండ్ల దాకా బిగించాలి. ఐడిల్ మిశ్రమం స్క్రూలను మెల్లగా అడ్డంకి తగిలేదాకా తిప్పి, రెండున్నర చుట్లు వెనక్కి తీయాలి. పెట్రోలు వచ్చే పెద్ద నట్టు దగ్గర మాత్రం మా భయం. ఒళ్లు మెత్తటి జింకు మిశ్రమం, మర చెడితే పెట్రోలు కారేది కింద ఇంజన్‌కున్న వేడి మానిఫోల్డ్ గొట్టాల మీదే. చేత్తో తిన్నగా రెండు చుట్లు పట్టాకే రెంచి.

గృహప్రవేశానికి హారతి పళ్లెం సిద్ధంగా ఉంది. అందులో కర్పూరం లేదు, మంటలార్పే సిలిండరు ఉంది.

ఇట్లు,
మామగారి తరఫు బంధువులు