గుడికి రంగులేస్తే జీర్ణోద్ధరణ అయిపోతుందా?

పాతబస్తీలో మా అమ్మమ్మ వాళ్ల వీధి చివర రాతి మండపమున్న ఓ చిన్న గుడి ఉంది. దాని స్తంభాల మీద చెక్కిన హంసల వరసను చిన్నప్పుడు వేలితో తడుముతూ ఒక్కొక్కటీ లెక్కపెట్టేవాళ్లం. మొన్న వెళ్తే అవన్నీ వెండిరంగు ఎనామిల్ కింద ముద్దగా ఉన్నాయి. ముక్కేదో తోకేదో తెలియడం లేదు. "చూసినవా బిడ్డా, ఎట్ల మెరుస్తుందో!" అన్నారు కమిటీ పెద్దాయన, ఎంతో సంతోషంగా.

ఆయన్ను తప్పుపట్టలేకపోయాను. రోజూ దీపం పెట్టే గుడి మ్యూజియం కాదు. నూనె, పసుపు, పొగ అన్నీ తగులుతాయి. పండక్కి కొత్తగా కనబడాలని జనం కోరుకుంటారు. చిక్కల్లా ఆ కొత్తదనానికి మనం ఎంచుకున్న సామానుతోనే.

పాత గోపురాల మీది బొమ్మలు చాలావరకు సున్నంతో చేసినవి. సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. ఆ గచ్చు వానకు తడిసినా లోపలి చెమ్మను మెల్లగా బయటికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు మెత్తి ఎనామిల్ పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. పైకి నున్నగానే ఉంటుంది, లోపల సున్నం పిండైపోతుంది. కొన్నేళ్లకు పెచ్చు మొత్తంగా ఊడి పడుతుంది. అప్పుడు మళ్లీ సిమెంటే!

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా చేసిన పనిలో పెద్ద భాగం ఇదే. పాత మరమ్మతుల్లో వేసిన సిమెంటును ఒలిచి, సున్నం వేశారు. ఆ పని నేర్చిన మేస్త్రీలు ఈ ఊళ్లోనే తయారయ్యారు. మన గుళ్లకు వాళ్లను ఎందుకు పిలవం? సమాధికైనా గోపురానికైనా కలిపే సున్నం ఒకటే కదా.

ఓపిక ఎంత కావాలో హనుమకొండ చెబుతుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. కాకతీయుల పద్ధతిలో కింద ఇసుక పునాది. అది బలహీనపడటంతో ఒక్కో రాయీ దించి, మళ్లీ పేర్చాల్సి వచ్చింది. తెరిచింది 2024 మార్చిలో. పద్దెనిమిదేళ్లంటే, నిజం చెప్పాలంటే, అంతా ఓపిక కాదు, అందులో నిర్లక్ష్యమూ ఉంది. అయినా ఆ రాళ్లు చాలావరకు ఆ రాళ్లుగానే నిలబడ్డాయి. 2022లో తెరిచిన యాదాద్రి వేరే సంగతి. నల్లరాతితో కొత్తగా కట్టిన గుడి అది. శిల్పులకు పని దొరికింది, మంచిదే. కానీ కొత్తది కట్టడాన్నీ పాతది కాపాడటాన్నీ ఒకే మాటతో పిలిస్తే నష్టపోయేది పాతదే.

ఇక డబ్బు. టైల్స్ వేయించినవాళ్ల పేరు గ్రానైట్ పలక మీద ఉంటుంది. ఆర్చి కట్టించిన వాళ్లదీ ఉంటుంది. కప్పు మీద మొలిచిన రావి మొక్కను వేళ్లతో సహా పీకించి, వాననీళ్ల తూము బాగుచేయించిన వాళ్ల పేరు ఎక్కడైనా చూశారా? చందాలు కంటికి కనిపించే పనికే వస్తాయి. అందుకే కమిటీలు కంటికి కనిపించే పనే చేస్తాయి.

పెద్దాయన నా చేతిలో రసీదు పుస్తకం పెట్టారు, వచ్చే ఏడు గోపురానికి రంగులట. తూముకు రాసుకోండి, ఇస్తానన్నాను. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, "దీన్ల ఆ కాలమ్ లేదు కదా బిడ్డా" అన్నారు.