ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడే ఆ తేడా ఎందుకొచ్చింది?

"అమెరికాలో నల్లజాతి తల్లులు కాన్పుల్లో ఎక్కువగా చనిపోతున్నారంటే కారణం పేదరికం, బీపీ, వాళ్ల జన్యువులు. డాక్టర్లు రంగు చూడరు. అయినా ఆ గొడవ మనకెందుకు?" చాలామంది నమ్మి పంచుకుంటున్న మాట ఇది. చదివిన ప్రతిసారీ బాధేస్తుంది.

2023లో అక్కడ లక్ష కాన్పులకు నల్లజాతి తల్లులు 50.3 మంది, తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోయారు.

పేదరికం కొంత కారణమే, కాదనను. కానీ 2007–16 లెక్కల్లో డిగ్రీ చదివిన నల్లజాతి తల్లుల మరణాల రేటు, హైస్కూలు కూడా పూర్తి చేయని తెల్లజాతి తల్లుల రేటుకు 1.6 రెట్లు ఉంది. టెన్నిస్ తార సెరెనా విలియమ్స్‌కు డబ్బు తక్కువా? 2017లో కాన్పయిన మర్నాడు ఊపిరాడక, రక్తం గడ్డకట్టి ఉంటుంది, సీటీ స్కాన్ తీయమని తనే అడిగింది. మందుల మత్తులో మాట్లాడుతోందని నర్సు అనుకుంది. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి.

జన్యువులంటారా? 1997లో ఇల్లినాయి కాన్పులపై ఒక అధ్యయనం వచ్చింది. ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన తల్లుల బిడ్డల సగటు బరువు 3,333 గ్రాములు. అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డలది 3,089. తెల్లజాతి బిడ్డలది 3,446. జన్యువులే కారణమైతే వలస వచ్చిన తల్లుల బిడ్డలు తెల్లజాతి బిడ్డలకు అంత దగ్గరగా ఉండరు.

బీపీ నిజమే. అయితే బీపీకి మందుంది. కాన్పు మరణాల్లో 80 శాతానికి పైగా ఆపగలిగినవేనని అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీయే చెప్పింది.

ఇక డాక్టర్లు రంగు చూడరనే మాట. న్యూజెర్సీలో దాదాపు పది లక్షల కాన్పులను పరిశీలించారు. ముందుగా సిజేరియన్ అనుకోని కాన్పుల్లో, ఆరోగ్య పరిస్థితి ఒకేలా ఉన్నా, నల్లజాతి తల్లులకు కోత పడే అవకాశం 20 శాతానికి పైగా ఎక్కువని తేలింది. థియేటర్‌లో వేరే ఆపరేషన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఆ తేడా దాదాపు మాయమైంది. తల్లి ప్రాణానికి నిజంగా అవసరమైన కోతలే అయితే, థియేటర్ ఖాళీ లేనంత మాత్రాన ఆ తేడా ఎలా పోతుంది? ఇది మనసులో దాగిన పక్షపాతం మాత్రమే కాదు, కాగితం మీద కూడా ఉంది. మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోది మామూలుగా అవుతుందో లేదో లెక్కకట్టే కాలిక్యులేటర్ 2007లో వచ్చింది. తల్లి నల్లజాతి అని నొక్కితే చాలు, మామూలు కాన్పు అయ్యే అవకాశం తగ్గించి చూపేది. జాతి అడిగే ఆ గడిని 2021లో గానీ తీసేయలేదు.

మనకెందుకు అంటారా? వైద్యం ఉచితంగా దొరికే బ్రిటన్‌లోనూ 2019–21లో ఆసియా సంతతి తల్లుల మరణాల రేటు తెల్లజాతి తల్లులకు దాదాపు రెట్టింపు. అక్కడ పురుడు పోసుకుంటున్న మన తెలుగు ఆడపిల్లలూ ఆ ఆసియా లెక్కలోకే వస్తారు.