ఏనుగుగారి వంతు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, తలా ఒక పాత్ర వేసుకుని పాచికలతో కథ నడిపే ఆట ఆడేవాళ్లకి ఒక మనవి. ఇకమీదట విశాఖలో ఎవరింట్లో ఆట పెట్టుకున్నా, కుర్చీలు సర్దేటప్పుడు ఏనుగుగారికి కూడా ఒకటి వేయండి. ఆయన వచ్చేశారు. మాట్లాడతారు, వాదిస్తారు, రాజుగారి మంత్రి అబద్ధమాడుతున్నాడేమోనని అనుమానపడతారు. వంతు వచ్చిందంటే ఏడు నిమిషాలకి తక్కువ కాకుండా తీసుకుంటారు. ఆ ఏడు నిమిషాలూ మనుషులు ఫోన్లు చూసుకుంటారు.

ఆయన్ని తెచ్చింది డ్రూయిడ్, అంటే ఆటలో ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర. తొమ్మిదో లెవెల్‌కి చేరిన ప్రతి డ్రూయిడ్‌కీ ఈ జబ్బు చేస్తుంది. ఐదో స్థాయి మంత్రాలు అప్పుడే చేతికొస్తాయి, వాటిలో జంతువుకి తెలివి తెప్పించే అవేకెన్ ఉంటుంది. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ ప్రకారం ఎనిమిది గంటలు కూర్చుని మంత్రం వేయాలి, వెయ్యి బంగారు నాణేల విలువైన అగేట్ రాయి అందులో ఖర్చైపోతుంది. జంతువు హ్యూజ్ (పుస్తకంలోని ఒక సైజు) కంటే పెద్దది కాకూడదు, దాని ఇంటెలిజెన్స్ (తెలివికి వేసిన అంకె) మూడు దాటకూడదు. మంత్రం పూర్తయ్యేసరికి ఇంటెలిజెన్స్ 10 అవుతుంది, డ్రూయిడ్‌కి వచ్చిన భాషల్లో ఒకటి దానికీ వచ్చేస్తుంది. ఏనుగు హ్యూజ్. ఏనుగు ఇంటెలిజెన్స్ సరిగ్గా మూడు. ఈ రెండు ముక్కలూ ఒకే పేజీలో కనబడిన రోజున డ్రూయిడ్ మొహం చూడాలి, లాటరీ తగిలినవాడు కూడా అలా వెలగడు.

ఏ భాష వస్తుందంటే, మన కుర్రాళ్ల ఏనుగులన్నిటికీ సిక్కోలు (శ్రీకాకుళం) యాసే వస్తుంది. "ఏటి బాబూ, అలగెల్లిపోతన్నారు?" అంటుంది, గదంతా గొల్లుమంటుంది. అదే గుహలో డ్రాగన్ మాత్రం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. సినిమావాళ్లు ఏళ్లతరబడి చేసిన ఎగతాళి చాలలేదు కాబోలు, ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లే తమ యాసని జంతువులకి కేటాయించేశారు. సరే, ఆ కోపం ఇంకోసారి తీర్చుకుందాం.

ముందు లెక్కలు. ఏనుగుకి హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, 76. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) 14 ఉన్న తొమ్మిదో లెవెల్ ఫైటర్ (కత్తి పట్టి పోరాడే పాత్ర), ప్రతి లెవెల్‌కీ పుస్తకం ఇచ్చే స్థిరమైన అంకె తీసుకుంటూ వస్తే, ఆ ఫైటర్‌కీ సరిగ్గా 76. స్ట్రెంగ్త్ (బలం) 20తో గ్రేట్‌సోర్డ్ ఎత్తితే దెబ్బకి 2డీ6 + 5 (ఆరు ముఖాల పాచికలు రెండు వేసి 5 కలపడం), సగటున 12. వంతుకి రెండు దెబ్బలు, రెండూ తగిలితే 24. ఇక ఏనుగుగారు ఇరవై అడుగులు తిన్నగా పరిగెత్తి దంతాలతో పొడిస్తే 3డీ8 + 6, అంటే సుమారు 19. శత్రువు తన బలానికి పాచిక వేసి 12 తెచ్చుకోలేకపోతే (12 డీసీ స్ట్రెంగ్త్ సేవ్) నేలమీద పడతాడు. పడ్డవాణ్ని అదే వంతులో అదనంగా, అంటే బోనస్ యాక్షన్‌తో తొక్కేస్తారు, 3డీ10 + 6, సుమారు 22. మొత్తం నలభై దాటింది. ఏనుగు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె) 12, ప్లేట్ కవచం తొడిగిన ఫైటర్‌కి 18, తేడా చూడండని డ్రూయిడ్ వాదిస్తాడు. చూశాం. ఆ కవచం ఖరీదు 1,500 బంగారు నాణేలు. ఏనుగుకి తెలివి తెప్పించడానికి వెయ్యి చాలు. పైగా ఫైటర్ ఆడేవాళ్లు మామూలుగా ఇంటెలిజెన్స్‌ని 8 దగ్గరే వదిలేస్తారు. ప్రాణం సమానం, దెబ్బ ఎక్కువ, బుర్ర ఎక్కువ, ధర తక్కువ.

బీస్ట్ మాస్టర్ రేంజర్ సంగతి ఇంకా దారుణం. జంతువుని వెంటేసుకోవడమే ఆయన వృత్తి. 2014 పుస్తకంలో ఆయనకి దొరికేది మీడియం సైజు దాటని, ఛాలెంజ్ రేటింగ్ (ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) పావు దాటని జంతువు. తోడేలుని ఎంచుకుంటే, అది కరవాలంటే ఆయన తన వంతులోని అసలు పని, అంటే యాక్షన్, ఖర్చుపెట్టాలి. తొమ్మిదో లెవెల్‌లో దాని హిట్ పాయింట్లు 36. జనం ఏళ్లపాటు మొత్తుకుంటే 2020లో వచ్చిన పుస్తకం కొత్త రకం జంతువునిచ్చి, బోనస్ యాక్షన్‌తో ఆజ్ఞ ఇస్తే చాలంది. మాటలు రాని తోడేలుకి ఇన్ని షరతులు. మాటలొచ్చిన ఏనుగు తన ఇనిషియేటివ్ (వంతు ఎప్పుడో తేల్చే పాచిక) తనే వేసుకుంటుంది.

ఒక్క షరతు ఉంది. దాన్ని డ్రూయిడ్లు చదవరు. తెలివొచ్చిన జంతువు ముప్పై రోజులే డ్రూయిడ్ మాయలో, అంటే చార్మ్‌లో ఉంటుంది. తర్వాత స్నేహంగా ఉండాలా వద్దా అన్నది దాని ఇష్టం, ఆ ముప్పై రోజుల్లో మీరు దాన్ని ఎలా చూశారన్నదాన్ని బట్టి.

మన ఊరి డీఎంలు (ఆట నడిపే డంజన్ మాస్టర్లు) ఏ లోకం సృష్టించినా బొర్రా గుహలే పేరు మార్చుకుని డంజన్ అవుతాయి కదా, అక్కడికే వెళ్దాం. దారి ఐదడుగుల వెడల్పు. హ్యూజ్ జంతువుకి పదిహేనడుగుల చదరం కావాలి, ఒదిగితే పదడుగుల్లో పడుతుంది, ఐదడుగుల్లో ఎంత ఒదిగినా పట్టదు. జట్టు లోపలికి పోయింది, ఏనుగుగారు బయట ఉండిపోయారు. మూడు రోజులు. ఇంటెలిజెన్స్ 10 ఉన్న ప్రాణిని మూడు రోజులు పని లేకుండా కూర్చోబెడితే అది ఆలోచించడం మొదలెడుతుంది. మూడో రోజు, మంత్రం వేశాక ముప్పై ఒకటో రోజు.

సంచులు నింపుకుని బయటికొచ్చేసరికి గుహ మొగదల అడ్డంగా ఏనుగు. తొండానికి ఎర్రగుడ్డ. గాజువాకలో కార్మిక సంఘాల మధ్య పెరిగిన డీఎం అయితే ఇక్కడినుంచి నోట్సు చూడక్కర్లేదు. ఈ ఏనుగుదీ సిక్కోలు యాసే. ఎవరికీ నవ్వు రాదు.

"బాబూ, ముప్పై దినాలు నాను మోసిన బరువెంతో సెప్పండి."

స్ట్రెంగ్త్ 22ని పదిహేనుతో గుణించి, హ్యూజ్ కాబట్టి నాలుగింతలు చేస్తే 1,320 పౌన్లు. రెండు భోషాణాలు, ఒక పడవ, మోకాళ్ల నొప్పులున్న విజర్డ్ (మాంత్రికుడు).

"సొమ్ము ఎన్ని వాటాలేసినారు?"

నాలుగు. డ్రూయిడ్ గొంతు సవరించుకుని, నువ్వు నా స్నేహితుడివి కదా అంటాడు.

"స్నేహం రాత్రితో అయిపోనాది బాబూ. పుస్తకం సూసుకోండి."

జంతువుకి బంగారం ఎందుకని రోగ్ (దొంగ పాత్ర) అందుకుంటాడు.

"ఉచ్చులున్న వంతెన మీదికి నన్ను ముందర పంపినప్పుడు జంతువన్నారు. రాజుగోరితో మాటాడమని పంపినప్పుడు రాయబారన్నారు. రెండిట్లో దేనికి జీతముందో అది రాసుకోండి. మాయ వస్తువులు మనిసికి మూడేసి తగిలించుకున్నారు, నాకేటిచ్చారు? గంట కట్టినారు. ఇంకొక్క మాట. మీలో నాకన్నా తెలివి తక్కువోలు ఎవలైనా ఉన్నారా?"

ఫైటర్ చెయ్యెత్తుతుంది. ఎనిమిది.

"ఆయమ్మకి వాటా ఉందా, లేదా?"

ఉంది. కానీ ఆ ఫైటర్‌ని ఆడే అమ్మాయికి ఆటలో వాటా లేదు, నవ్వు ఇక్కడితో చాలు. ప్రతి జట్టులోనూ ఇలా కొత్తగా వచ్చినవాళ్లు ఒకరుంటారు. పాతవాళ్ల ముందు నోరు విప్పరు. మనిషికి మూడు నిమిషాల చొప్పున నలుగురికి పన్నెండు, డీఎంకి ఐదు, రౌండ్‌కి 17 నిమిషాలనుకుందాం. ఏనుగు వచ్చాక 24. అందులో డ్రూయిడ్ చేతిలో పది, ఆమె చేతిలో మూడు. గంటన్నర యుద్ధంలో నిండా నాలుగు వంతులు రావు ఆమెకి. వచ్చిన వంతులో కత్తి ఎత్తేసరికి శత్రువుని ఏనుగు తొక్కేసి ఉంటుంది. రూల్స్‌లో ఉంది కదా, నేనేం చేయనంటాడు డీఎం. కాదనే అధికారం డీఎంకి ఉందని కూడా రూల్స్‌లో ఉందయ్యా! అది చదవడానికి కళ్లు రాలేదా? ఒక్కడు ఏనుగు గొంతుతో మురిసిపోతుంటే గదిలో మిగతావాళ్లు ప్రేక్షకులైపోయారని కనబడనివాడు డీఎం నోట్సు దాచుకునే ఆ తెర వెనక ఎందుకు కూర్చోవాలి? రెండు ఆదివారాలు పోయాక ఆ అమ్మాయి పరీక్షలున్నాయని మెసేజ్ పెడుతుంది. ఆల్ ద బెస్ట్ అని అందరూ బొటనవేలు గుర్తు కొడతారు. ఒక్కడైనా ఫోన్ చేసి అడగడు.

కాబట్టి బ్యాలెన్స్ పేరుతో ఏనుగు హిట్ పాయింట్లు 76 నుంచి 50కి కోసే పని పెట్టుకోకండి, లెక్కపెట్టాల్సింది నిమిషాలు. ఏనుగు తెలివి డీఎంకి ఇవ్వండి, ఏనుగు డైస్ ఫైటర్‌కి ఇవ్వండి. అది ఫైటర్ ఇనిషియేటివ్ మీదే కదలాలి. పొడవడం, తొక్కడం ఆమె వేస్తుంది. డ్రూయిడ్‌కి తన బోనస్ యాక్షన్ ఖర్చుపెట్టి ఎవరిమీదికి వెళ్లాలో చెప్పే హక్కు ఉంటుంది, చెప్పకపోతే ఏనుగు దెబ్బలు తప్పించుకుంటూ (డాడ్జ్) నిలబడుతుంది. యుద్ధం మధ్యలో ఏనుగు ఒక్క వాక్యానికి మించి మాట్లాడకూడదు. ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఐదు భాగాలు, సొమ్మూ ఐదు భాగాలు. వాటా తగ్గేసరికి రోగ్‌గారు స్వయంగా ఏనుగుకి సెలవిచ్చి పంపుదామంటారు, ఆ ముచ్చట కూడా చూడొచ్చు.

ఇందులో చెడేదొకటుంది. ఏనుగు నోరు డీఎం చేతికి వచ్చాక, జట్టు చిక్కుల్లో పడ్డప్పుడల్లా జవాబు ఏనుగే చెప్పేస్తుంది. ఇంటెలిజెన్స్ 10 అంటే మామూలు మనిషి బుర్ర, పండితుడి బుర్ర కాదు. నీళ్లెక్కడున్నాయో, ఏ దారిన మంద నడిచిందో, ఎవరి ఒంటిమీద తుపాకిమందు వాసనుందో దానికి తెలుస్తుంది. తాళపత్రం మీద రాసిన చిక్కుముడి తెలియదు.

అసలు ఏనుగు రాకముందే ఆపాలంటే రాయి దగ్గర ఆపండి. డీఎంల పుస్తకంలో అగేట్ రకాలన్నీ పది బంగారు నాణేల రాళ్ల వరసలో ఉంటాయి. వెయ్యి చేసే అగేట్ సంతలో కొట్టు తెరిచి అమ్మే సరుకు కాదు. ఎక్కడుందో కనుక్కుని, వెళ్లి తెచ్చుకోవాలి, దానికి నాలుగైదు ఆదివారాలు పట్టొచ్చు. తెచ్చుకున్నాక మంత్రం వేసిన తేదీ క్యారెక్టర్ షీట్ మీద పెన్నుతో రాయించండి, పెన్సిల్‌తో వద్దు.

రెండో జంతువు సంగతి మాత్రం ఎవరూ ఎత్తకండి. పుస్తకంలో ఏప్ ఇంటెలిజెన్స్ 6, జెయింట్ ఏప్‌కి 7, కాబట్టి ఈ మంత్రం కోతిజాతి మీద పారదు. టైరనోసారస్ రెక్స్ మాత్రం హ్యూజ్, హిట్ పాయింట్లు 136, ఇంటెలిజెన్స్ 2. మీ డ్రూయిడ్ ఇంకా అంతదూరం తిప్పి ఉండకపోతే ఆ రెండు పేజీలూ జిగురు పెట్టి అంటించేయండి.